ఋణపీడన గాయచికిత్స – హృదయ పనితీరుపై కట్టు ప్రభావం

తెరిచి ఉన్న గాయంలో స్పాంజి వంటి పూరకాన్ని అమర్చి, దానిపై గాలి చొరని పలుచని పొరను అతికించి, గొట్టం ద్వారా యంత్రంతో గాలిని, స్రావాలను లాగివేస్తూ, గాయంలోని పీడనాన్ని బయటి వాతావరణ పీడనం కంటే తక్కువగా నిలిపి ఉంచే వైద్య విధానాన్ని ఋణపీడన గాయచికిత్స అంటారు. కాలిమీదో వీపుమీదో ఉన్న గాయానికి ఈ చికిత్స చేస్తే దాని ప్రభావం చాలావరకు ఆ గాయానికి, దాని అంచులకు పరిమితమవుతుంది. గుండె శస్త్రచికిత్స తరవాత ఇన్ఫెక్షన్ సోకి మళ్ళీ తెరవవలసివచ్చిన ఛాతీ గాయంలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ గాయం అడుగున ఉండేది స్పందిస్తున్న హృదయమే కాబట్టి, గాయాన్ని మాన్పడానికి వేసిన కట్టు హృదయం నిండే తీరును, అది రక్తాన్ని పంపే శక్తిని, దాని గోడ భద్రతను కూడా ప్రభావితం చేస్తుంది. ఈ ప్రభావం ఎంతన్నది యంత్రంపై కనిపించే పీడనపు అంకె ఒక్కటే నిర్ణయించదు. స్పాంజికీ హృదయానికీ నడుమ ఏ పొర ఉంది, అది మెత్తనిదా గట్టిదా అన్న విషయాలకు అంతకన్నా ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

విధానం, కొలమానాలు

ఈ చికిత్సలో పీడనాన్ని మిల్లీమీటర్ల పాదరసంలో కొలుస్తారు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం 760 మి.మీ.; గాయంలో పీడనాన్ని దానికంటే 125 మి.మీ. మేర తగ్గించినప్పుడు −125 మి.మీ. అని రాస్తారు. అంటే వాతావరణ పీడనంలో దాదాపు ఆరో వంతు తగ్గించినట్లు. పీడనాన్ని ఎడతెగకుండా ఒకే స్థాయిలో ఉంచడం నిరంతర పద్ధతి, కొన్ని నిమిషాలు లాగి కొన్ని నిమిషాలు వదలడం విరామ పద్ధతి.

కట్టులో ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి. మొదటిది గాయాన్ని నింపే పూరకం. ఎక్కువగా వాడే నల్లటి పాలీయూరిథేన్ స్పాంజిలో 400 నుంచి 600 మైక్రోమీటర్ల రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండటం వల్ల పీడనం గాయమంతటా సమంగా పరుచుకుంటుంది. దానికి బదులుగా, మరింత దట్టంగా ఉండి కణజాలానికి తక్కువగా అతుక్కునే తెల్లని పాలీవినైల్ ఆల్కహాల్ స్పాంజినిగానీ, తడిపిన గాజుగుడ్డనుగానీ వాడవచ్చు. రెండవది పూరకానికీ కణజాలానికీ నడుమ పరిచే అంతరపొర. పారఫిన్ మైనం పట్టించిన వలగుడ్డ, సిలికాన్ జాలీ వంటివి ఈ పనికి ఉపయోగపడతాయి. మూడవది పైన అతికించే పారదర్శకమైన పొర. సాధారణ గాయాలలో స్పాంజి కండకు అతుక్కోకుండా చూడటమే అంతరపొర పని. ఛాతీ గాయంలో అదే పొర హృదయానికీ చూషణానికీ, అంటే యంత్రం లాగే శక్తికీ, నడుమ తెరగా నిలవవలసి వస్తుంది.

చారిత్రక నేపథ్యం

జర్మనీలో ఫ్లైష్‌మన్, ఆయన సహచరులు 1993లో విరిగిన ఎముకలతో కూడిన తెరిచిన గాయాలకు స్పాంజి, చూషణం కలిపి చికిత్స చేసిన అనుభవాన్ని ప్రచురించారు. అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ అర్జెంటా, మైకేల్ మోరిక్వాస్ 1997లో ప్రచురించిన జంతు ప్రయోగాలు, రోగుల ఫలితాలు ఈ విధానానికి శాస్త్రీయ పునాది వేశాయి. పందుల గాయాలపై చేసిన ఆ ప్రయోగాల్లో −125 మి.మీ. వద్ద గాయంలోని రక్తప్రవాహం దాదాపు నాలుగు రెట్లు పెరగగా, ఎర్రటి కొత్త కండ పట్టే వేగం నిరంతర పద్ధతిలో సుమారు 63 శాతం, విరామ పద్ధతిలో సుమారు 103 శాతం అధికమైంది. −125 మి.మీ. ప్రామాణిక పీడనంగా స్థిరపడటానికి ఈ ఫలితాలే కారణం. అయితే ఆ అంకె చర్మం, కండరం ఉన్న గాయాల నుంచి వచ్చిందే తప్ప, హృదయాన్ని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించింది కాదన్న విషయం గమనార్హం.

ఛాతీ మధ్య ఎముకను కోసిన తరవాత వచ్చే లోతైన ఇన్ఫెక్షన్‌కు ఈ చికిత్సను వాడిన తొలి అనుభవాన్ని 1999లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించారు. ఆ తరవాతి దశాబ్దంలో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఈ రంగానికి ముఖ్య పరిశోధన కేంద్రమైంది. రిచర్డ్ ఇంగెమన్సన్, మలిన్ మాల్మ్‌షో, యోహాన్ షోగ్రెన్, రైనర్ పెట్జినా, సాండ్రా లిండ్‌స్టెట్ తదితరులు అక్కడ జరిపిన అధ్యయనాల వల్లనే కట్టు హృదయంపై చూపే ప్రభావం గురించి నేడు తెలిసిన విషయాల్లో అధికభాగం వెలుగులోకి వచ్చింది.

ఛాతీ గాయం ప్రత్యేకత

గుండె శస్త్రచికిత్సలలో ఎక్కువభాగం ఛాతీ నడిమి ఎముకను, అంటే ఉరోస్థిని, నిలువునా రెండుగా కోసి, హృదయావరణాన్ని తెరిచి చేస్తారు. పని ముగిశాక ఎముక రెండు సగాలను ఉక్కు తీగలతో బిగించి కుట్లు వేస్తారు. కొద్దిమంది రోగుల్లో ఎముక వెనక భాగంలో చీము పట్టి, తీగలు వదులై, ఎముక అంచులు విడిపోతాయి. మీడియాస్టినైటిస్ అని పిలిచే ఈ లోతైన ఇన్ఫెక్షన్ మధుమేహం, స్థూలకాయం, పొగతాగే అలవాటు, దీర్ఘకాల ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారిలోనూ, రెండు వైపుల రొమ్ము లోపలి ధమనులను బైపాస్‌కు వాడినవారిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ స్థితిలో గాయాన్ని తెరిచి, చీమును, చచ్చిన కణజాలాన్ని తొలగించిన తరవాత మిగిలే గుంట అడుగున హృదయపు ముందు తలం ఉంటుంది. ఉరోస్థికి సరిగ్గా వెనక ఉండే గది కుడి జఠరిక. శరీరమంతటికీ రక్తాన్ని నెట్టే ఎడమ జఠరిక గోడ దళసరిగా ఉండగా, ఊపిరితిత్తులకు మాత్రమే రక్తాన్ని పంపే కుడి జఠరిక గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. దానిలోపలి పీడనం సంకోచ సమయంలో 25 మి.మీ. దగ్గర ఉంటుంది, కుడి కర్ణికలో అయితే కొన్ని మిల్లీమీటర్లకు మించదు. ఇంత తక్కువ పీడనాలతో పనిచేసే గదులకు ఎదురుగా 125 మి.మీ. చూషణాన్ని ఉంచడమంటే ఏమి జరుగుతుందన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. శస్త్రచికిత్స తరవాత కుడి జఠరిక ఎముక వెనక తలానికి అతుక్కుపోవడం, హృదయావరణం తెరిచే ఉండటం, కొత్తగా అమర్చిన బైపాస్ రక్తనాళాలు గాయంలోనే ఉండటం ఈ ప్రశ్నకు మరింత బరువు చేకూర్చాయి.

హృదయం రక్తాన్ని పంపే శక్తిపై ప్రభావం

విశ్రాంతిగా ఉన్న పెద్దవారి హృదయం నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఒక్కో స్పందనలో వెలువడే రక్తాన్ని స్పందన పరిమాణం అంటారు. దానిని నిమిషానికి జరిగే స్పందనల సంఖ్యతో హెచ్చిస్తే ఒక నిమిషంలో హృదయం పంపే మొత్తం తెలుస్తుంది. స్పందన పరిమాణం ముఖ్యంగా మూడు విషయాలపై ఆధారపడుతుంది. హృదయం వదులైనప్పుడు ఎంత రక్తం చేరింది, కండరం ఎంత బలంగా సంకోచించింది, ఎదురుగా ఎంత నిరోధం ఉంది అన్నవే ఆ మూడు. కట్టు వల్ల హృదయపు ముందుగోడ స్పాంజివైపు లాగబడి ఆకారం మారితే, నిండడంలోనూ సంకోచంలోనూ ఆ గోడ స్వేచ్ఛ కొంత తగ్గుతుంది. ఛాతీలోని పీడనాలు మారితే సిరల నుంచి తిరిగివచ్చే రక్తం కూడా మారుతుంది.

ఈ ప్రశ్నపై తొలి ఫలితాలు ధైర్యాన్నిచ్చాయి. లుండ్ బృందం 2004లో పందులలో ఛాతీ గాయాన్ని సృష్టించి, రక్తపోటును, హృదయంలోని పీడనాలను, అది పంపే రక్తాన్ని కొలిచినప్పుడు ప్రమాదకరమైన మార్పేదీ కనిపించలేదు. అయితే రక్తనాళాల్లోకి గొట్టాలు పంపి చేసే కొలతల్లో చిన్న మార్పులు మరుగునపడే వీలుంది. 2007లో పెట్జినా, ఆయన సహచరులు అయస్కాంత అనునాద చిత్రణతో, అంటే ఎంఆర్ఐతో, స్పందిస్తున్న హృదయాన్ని నేరుగా చిత్రిస్తూ −75, −125, −175 మి.మీ. పీడనాల ప్రభావాన్ని పరిశీలించారు. పీడనం మొదలైన వెంటనే హృదయం పంపే రక్తం కొంత తగ్గినట్లు ఆ పరిశీలనలో తేలింది. హృదయంపై అంతరపొర కప్పి అదే ప్రయోగం చేసినప్పుడు ప్రభావం తగ్గింది. దీనిని బట్టి హృదయ పనితీరులో మార్పుకు చూషణంతో పాటు, హృదయ తలానికి స్పాంజి నేరుగా తగలడం కూడా కారణమని బోధపడుతుంది.

ఆరోగ్యవంతమైన హృదయం ఇటువంటి చిన్న తగ్గుదలను సునాయాసంగా సర్దుకుంటుంది. మనుషుల్లో ఛాతీ గాయానికి ఈ చికిత్స పొందేవారు మాత్రం ఇటీవలే గుండె శస్త్రచికిత్స జరిగి, ఇన్ఫెక్షన్‌తో రక్తనాళాలు వదులై, ఒక్కోసారి కండరమే బలహీనపడి ఉన్నవారు. అటువంటివారిలో చిన్న తగ్గుదల కూడా మూత్రం తగ్గడం, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలకు దారితీయవచ్చు. చూషణం మొదలుపెట్టేటప్పుడు పీడనాన్ని ఒక్కసారిగా కాక క్రమంగా పెంచడం, ఆ నిమిషాలలో రక్తపోటును, హృదయ లయను దగ్గరుండి గమనించడం ఈ కారణంగానే అవసరమవుతాయి.

పీడనం ఎంత లోతుకు చేరుతుంది

గాయంపై చూషణం పెట్టగానే ఛాతీ అంతటా అదే పీడనం వ్యాపిస్తుందనుకోవడం పొరపాటు. పందులపై చేసిన కొలతల్లో స్పాంజి అడుగు తలంలో యంత్రం చూపే పీడనానికి దగ్గరి విలువ ఉన్నా, అక్కడి నుంచి లోతుకు పోయేకొద్దీ అది వేగంగా క్షీణించినట్లు తేలింది. మెత్తని కణజాలాలు పీడనాన్ని యథాతథంగా లోతుకు చేరవేయవు. పారఫిన్ గుడ్డను పలు పొరలుగా పరిచినప్పుడు హృదయ తలానికి చేరే పీడనం మరింత తగ్గుతుంది. అందుచేత యంత్రంపై 125 అని కనిపించినంత మాత్రాన కుడి జఠరిక గోడ 125 మి.మీ. చూషణాన్ని భరిస్తున్నదని చెప్పలేము. ఈ తగ్గింపుకు మరో పార్శ్వం కూడా ఉంది: అంతరపొరలు దట్టమయ్యేకొద్దీ లోతున చేరిన స్రావాలను లాగివేసే శక్తి సన్నగిల్లవచ్చు. హృదయానికి రక్షణ, గాయానికి శుభ్రత అనే రెండు ప్రయోజనాల నడుమ వైద్యుడు సమతూకం పాటించవలసి ఉంటుంది.

కుడి జఠరిక చిట్లడం

హృదయ గోడ చిట్లి పెద్దయెత్తున రక్తస్రావం కావడం ఈ చికిత్సలో అరుదైనదే అయినా అత్యంత భయంకరమైన ఉపద్రవం. 2003 నుంచి వైద్య పత్రికల్లో ఇటువంటి కేసులు వెలువడుతూ వచ్చాయి. ఛాతీని తెరిచి గాజుగుడ్డతో నింపి ఉంచే పాత పద్ధతిలో కూడా ఈ ఉపద్రవం సంభవించేది. విడిపోయిన ఎముక అంచులు దగ్గినప్పుడూ కదిలినప్పుడూ జఠరికను ఒరుసుకోవడమే అందుకు కారణం. చూషణం ఉన్నప్పుడు ఇదే ప్రమాదం వేరొక తీరులో వస్తుందా అన్నది తేల్చవలసి వచ్చింది.

దీనికి స్పష్టమైన సమాధానం 2009లో మాల్మ్‌షో బృందం ప్రచురించిన అధ్యయనంలో దొరికింది. వారు పందులలో చికిత్స జరుగుతుండగానే ఎంఆర్ఐతో హృదయ కదలికలను చిత్రించారు. చూషణం మొదలుకాగానే హృదయం ముందుకు జరిగి ఉరోస్థికి ఒత్తుకోవడం, కుడి జఠరిక ముందుగోడ ఎముక రెండు సగాల నడుమ సందులోకి ఉబ్బి రావడం, పదునైన ఎముక అంచులు ఆ గోడకు తగలడం వారికి కనిపించాయి. హృదయంపై మెత్తని అంతరపొర వేసినా ఈ ఉబ్బడం ఆగలేదు. గట్టి ప్లాస్టిక్ బిళ్ళను హృదయానికీ ఎముకకూ నడుమ అమర్చినప్పుడే గోడ తన స్థానంలో నిలిచింది. ఆ తరవాత లిండ్‌స్టెట్, ఆమె సహచరులు ఇటువంటి గట్టి అడ్డుపలక హృదయాన్నీ ఊపిరితిత్తులనూ గాయపడకుండా కాపాడుతుందని ప్రయోగాల్లో చూపారు.

ఈ ఫలితాన్ని అంతకుముందు చెప్పుకొన్న 2007 నాటి ఫలితంతో కలిపి చదివినప్పుడే దాని పూర్తి అర్థం తెలుస్తుంది. హృదయం పంపే రక్తం తగ్గడం, హృదయ గోడ చిట్లడం అనేవి రెండు వేర్వేరు ప్రమాదాలు. మెత్తని పొర మొదటి ప్రమాదాన్ని తగ్గిస్తుంది కానీ రెండవదాన్ని నివారించలేదు. రెండవదానికి ఆకారం చెడని గట్టి అడ్డు కావాలి. రక్తపోటు నిలకడగా ఉన్నది కాబట్టి గోడకు కూడా భద్రత ఉన్నదని తలచడం, పారఫిన్ గుడ్డ పరిచాము కాబట్టి ఎముక అంచుల నుంచి భయం లేదని నమ్మడం రోగి ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు.

హృదయ కండరంలోనూ ఛాతీ గోడలోనూ రక్తప్రసరణ

చూషణం సూక్ష్మ రక్తనాళాలపై కూడా పనిచేస్తుంది. లేజర్ డాప్లర్ అనే సాధనంతో, అంటే కదిలే రక్తకణాల నుంచి వెనుదిరిగిన కాంతిని బట్టి ప్రవాహాన్ని లెక్కించే పద్ధతితో, లుండ్ పరిశోధకులు గాయపు అంచులను కొలిచారు. అంచుకు అతి దగ్గరలో రక్తప్రవాహం తగ్గుతుందనీ, కొన్ని సెంటీమీటర్ల అవతల పెరుగుతుందనీ, పీడనం ఎక్కువైతే దగ్గరలోని కొరత ప్రాంతం విస్తరిస్తుందనీ వారు గుర్తించారు. బైపాస్ కోసం ఎడమ రొమ్ము లోపలి ధమనిని తీసుకున్నవారిలో ఉరోస్థి ఎడమ సగానికి రక్తం ముందే తక్కువగా అందుతుంది కాబట్టి, అటువంటివారికి పీడనం ఎంపికలో ఈ విషయం ప్రాధాన్యం వహిస్తుంది.

దీనికి భిన్నమైన మరో పరిశోధన కూడా లుండ్‌లోనే జరిగింది. హృదయ తలంపై నేరుగా −50 మి.మీ. వంటి స్వల్ప పీడనాన్ని ప్రయోగించినప్పుడు, పందుల హృదయ కండరంలో, రక్తం సరిగా అందని భాగంలో సైతం, సూక్ష్మ రక్తప్రవాహం పెరిగినట్లు లిండ్‌స్టెట్ బృందం నివేదించింది. ఇది ప్రయోగశాల దశకు చెందిన ఫలితమే తప్ప చికిత్స కాదు. అయినా, ఒకే శక్తి తక్కువ మోతాదులో రక్తప్రసరణకు తోడ్పడుతూ, ఎక్కువ మోతాదులో సరైన రక్షణ లేకుండా ప్రయోగిస్తే హాని చేయగలదని ఈ రెండు రకాల ఫలితాలు కలిసి తెలియజేస్తున్నాయి.

ఛాతీకి దూరంగా ఉన్న గాయాలు

కట్టు హృదయానికి దగ్గరలో లేకపోయినా దాని పనితీరును పరోక్షంగా ప్రభావితం చేసే సందర్భాలు ఉన్నాయి. మెడలో వేగస్ నాడికి సమీపంలో స్పాంజి అమర్చితే ఆ నాడి ప్రేరణ వల్ల హృదయ స్పందన మందగించవచ్చు. అందుచేత అక్కడ కట్టు వేయకూడదని తయారీదారుల సూచనల్లోనే ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో గాయం నుంచి పుట్టే ప్రేరణ వల్ల రక్తపోటు హఠాత్తుగా పెరిగి, హృదయ లయ మారితే చికిత్స ఆపవలసి ఉంటుంది. పెద్ద గాయాల నుంచి రోజుల తరబడి లీటర్లకొద్దీ స్రావం పోయినప్పుడు శరీరంలో ద్రవం, ప్రోటీన్లు తగ్గి, హృదయానికి చేరే రక్తం తగ్గుతుంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడే హృద్రోగుల్లో చిన్న రక్తస్రావం కూడా చూషణం వల్ల పెద్దదవుతుంది.

అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2009 నవంబరులో ఈ చికిత్సకు సంబంధించి రెండేళ్ళలో అందిన 6 మరణాలు, 77 హానిసంఘటనలపై హెచ్చరిక జారీచేసింది; 2011లో ఆ సంఖ్యలు 12 మరణాలు, 174 హానిసంఘటనలకు చేరినట్లు తెలిపింది. ఇవి శరీరంలోని అన్నిరకాల గాయాలకు చెందినవి. వాటిలో అత్యంత తీవ్రమైనది రక్తస్రావం. గుండె ఆగిన రోగికి విద్యుత్ షాకు ఇవ్వవలసివచ్చినప్పుడు, కట్టు ఆ ప్రాంతంలో ఉంటే విద్యుత్తు ప్రసారానికి అడ్డు కాకుండా దానిని తొలగించాలన్న నియమం కూడా సిబ్బంది అందరికీ తెలిసి ఉండవలసినదే.

చికిత్స ప్రయోజనం

ప్రమాదాలను ఇంత వివరంగా పరిశీలించడానికి కారణం ఈ చికిత్స వల్ల కలిగే మేలు పెద్దది కావడమే. లుండ్‌లో 2005లో ప్రచురితమైన ఒక పోలికలో, మీడియాస్టినైటిస్ సోకిన 101 మందిలో ఋణపీడన చికిత్స పొందిన 61 మందిలో 90 రోజులలోపు ఎవరూ మరణించలేదు. పాత పద్ధతుల్లో చికిత్స పొందిన 40 మందిలో మరణాలు 15 శాతం. చూషణం వల్ల విడిపోయిన ఎముక సగాలు కదలకుండా నిలవడంతో రోగి తక్కువ నొప్పితో ఊపిరి తీసుకోగలడు, లేచి కూర్చోగలడు, నడవగలడు. మూసిన కోతపై ముందుజాగ్రత్తగా ఇదే కట్టు వేయడం కూడా ఫలితమిచ్చింది. బెర్లిన్‌లో గ్రౌహాన్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, స్థూలకాయం ఉన్న 150 మంది గుండె రోగుల్లో ఈ కట్టు వేసినవారికి 4 శాతం, సాధారణ కట్టు వేసినవారికి 16 శాతం గాయపు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇక్కడ ఎముక మూసి ఉండటం వల్ల హృదయం చూషణానికి గురికాదు.

ఆచరణలో జాగ్రత్తలు

కట్టు వేసేముందు కుడి జఠరికను ఉరోస్థి వెనక తలం నుంచి జాగ్రత్తగా విడదీయడం, పదునైన ఎముక అంచులను, విరిగిన తీగలను సవరించడం, రక్తం ఒలికే చోట్లను పూర్తిగా అరికట్టడం, హృదయాన్నీ బైపాస్ నాళాలనూ పలుపొరల అంటుకోని గుడ్డతోగానీ, శరీరంలోని కండర పొరతోగానీ కప్పడం, ఎముక అంచుల నుంచి కాపాడేందుకు గట్టి అడ్డుపలకను అమర్చడం ముఖ్యమైన చర్యలు. స్పాంజిని ఎముక సగాల నడుమ కూడా అమర్చితే అవి స్థిరంగా నిలుస్తాయి. సాధారణంగా 48 నుంచి 72 గంటలకొకసారి కట్టు మారుస్తారు. అప్పుడు స్పాంజిని ఒక్కసారిగా పెరకకుండా తడిపి మెల్లగా తీయాలి. గొట్టంలో అకస్మాత్తుగా ఎర్రని రక్తం కనిపిస్తే చూషణం వెంటనే ఆపి, ఒత్తిడి పెట్టి, శస్త్రవైద్యుని పిలవాలి. గొట్టం మూసుకుపోతే రక్తం లోపలే పేరుకుని హృదయాన్ని నొక్కివేయవచ్చు కాబట్టి యంత్రం హెచ్చరిక శబ్దాన్ని ఎన్నడూ నిర్లక్ష్యం చేయరాదు.

భారతదేశంలో యంత్రం, స్పాంజి కిట్ల ఖరీదు భరించలేని చోట్ల ఆసుపత్రి గోడకు ఉన్న చూషణ గొట్టాన్ని, అందుబాటులోని స్పాంజినీ గాజుగుడ్డనూ జోడించి ఈ చికిత్స చేయడం ఉంది. కాళ్ళ గాయాలకు ఈ సర్దుబాటు ఎంతో ఉపకరిస్తుంది. అయితే ఇటువంటి గోడ చూషణంలో పీడనం హెచ్చుతగ్గులవుతుంది, గాలి కారినా నాళం మూసుకుపోయినా హెచ్చరించే ఏర్పాటు ఉండదు; తెరిచిన ఛాతీ గాయం విషయంలో ఈ లోపాలకు తావు ఇవ్వకూడదు. ఖరీదైన యంత్రం ఉన్నచోటైనా, లేనిచోటైనా హృదయానికి తొలి రక్షణ దానిమీద పరిచే పొరే. మెత్తని పొర రక్తప్రసరణను నిలబెడుతుంది, గట్టి అడ్డు హృదయ గోడను కాపాడుతుంది. కట్టు విప్పిన ప్రతిసారీ అడుగున స్పందిస్తున్న కుడి జఠరికకూ ఎముక అంచుకూ నడుమ ఏమున్నదో కంటితో చూసి నిర్ధారించుకున్న తరవాతనే మళ్ళీ చూషణం మొదలుపెట్టడం ఈ చికిత్సలో తప్పనిసరి.